మాసిన దుప్పటి

జూన్ 4
హోటల్, మూడో అంతస్తు

అక్కా,

ఇవాళ్టి మొదటి ఆశ్చర్యం ఇది: కిందికెళ్ళి టీ తాగి పైకి వచ్చేసరికి నా పక్క ఎవరో సర్దేశారు. తలుపుకి తాళం వేసే వెళ్ళాను. వచ్చి చూస్తే దుప్పటి మీద ఒక్క ముడత లేదు. కుర్చీ మీద పడేసిన తడి తువ్వాలు మాయమై, దాని స్థానంలో పొడిది ఒకటి బుద్ధిగా మడతపడి కూర్చుంది. నేను చెరో మూల విడిచిన చెప్పులు జతగా గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాయి, బడిలో శిక్ష వేసినట్టు. ఒక్క క్షణం నువ్వే వచ్చావనుకున్నాను. నవ్వకు. పుట్టి బుద్ధెరిగాక నా పక్క సర్దింది నువ్వూ అమ్మా తప్ప ఇంకెవరున్నారు?

తర్వాత వరండాలో ఆవిడ కనిపించింది. నడుముకి ఇంత తాళాల గుత్తి, ముందు తోపుడు బండి, బండి నిండా దుప్పట్లు, సబ్బులు. నన్ను చూసి "నమస్తే మేడం, గదిలో ఇంకేమైనా కావాలా?" అంది. అక్కా, నన్ను మేడం అంది! నీకంటే పదేళ్ళయినా పెద్దది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఏమీ వద్దండీ" అని గదిలో దూరి తలుపేసుకున్నాను. సర్దిన మంచం చెదరగొట్టడానికి మనసొప్పక కుర్చీలో కూర్చుని రాస్తున్నాను.

ఆవిడ పేరు అడగలేదు. ప్రస్తుతానికి తాళాలావిడ.

ఇక్కడి సంగతులు. ఆఫీసు వాళ్ళ హాస్టలు మరమ్మతులో ఉందని మా ఇద్దరు ట్రైనీలనీ రెండు నెలలకి ఈ హోటల్లో పెట్టారు. చవకరకం హోటలే. మెట్ల దగ్గర దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, లిఫ్టు తనకి బుద్ధిపుట్టినప్పుడు కదులుతుంది. అయినా నాకో గది, నాకో బాల్కనీ! సముద్రం కనపడదు కానీ దాని ఉప్పు మాత్రం వచ్చి ఇనప కమ్మీల మీద కూర్చుంటుంది. ఉక్కపోత అనే మాట ఇన్నాళ్ళూ వాడాను కానీ, దాని అర్థం ఇక్కడి బస్సు దిగాకే తెలిసింది.

పక్క గదిలో రెండో ట్రైనీ ఉంటుంది. మందపాటి కళ్ళజోడు, కాబట్టి కళ్ళజోడు. వాళ్ళ నాన్న కాలేజీలో ప్రొఫెసరట. మంచి పిల్లే. నిఘంటువు ఆఫీసులో మా పని మాటల చీటీలు అక్షరక్రమంలో పేర్చడం, పాతవాటికి అర్థాలు సరిచూడడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాటలే. నాకు తిండి కూడా గుర్తుండడం లేదు. మా పెద్దాయన "రోజూ ఎవరో ఒకరికి ఉత్తరం రాయండి, మాటలు చేతికి అలవాటవుతాయి" అన్నారు. అందుకే ఫోన్ కాకుండా ఇది. నువ్వూ ఉత్తరమే రాయాలి.

ఒకటి చెప్పు. నువ్వు గదులు సర్దేదానివి కదా, నాలాంటివాళ్ళు ఏం చేస్తే ఆవిడకి సులువవుతుంది?

నీ పిచ్చుక


జూన్ 11
లాడ్జి, మెట్ల కింద దుప్పట్ల గది

మేడం గారికి,

నమస్కారాలు. ఇంకేమైనా కావాలా మేడం?

ఒసేయ్ పిచ్చుకా, నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో, పక్కన ఇస్త్రీ చేస్తున్నామె నాకేదో అయిందనుకుంది. అమ్మకి సాయంత్రం చదివి వినిపించాను. నీకు తిండి గుర్తుండడం లేదన్న ముక్క వదిలేశాను. లేకపోతే ఆవిడ మోకాళ్ళ నొప్పితోనే బస్సెక్కి వచ్చేస్తుంది.

ఉత్తరమే రాయాలంటావు. నాకు రాయడం ఎక్కడొచ్చే? తొమ్మిదో తరగతిలో వదిలేసిన చెయ్యి ఇది. తప్పులుంటే నీ ఆఫీసులో పెట్టి దిద్దుకో.

నువ్వడిగిన దానికి జవాబు. గిరాకీలు ఎలా ఉంటారో నీకేం తెలుసు? తడి తువ్వాలు మంచం మీద పడేస్తారు. బిస్కెట్లు దుప్పట్లో తింటారు. గదిలో ముగ్గురుండి ఇరవై మంది తిరిగినట్టు చేసి పోతారు. సాయంత్రానికి నా నడుము నాది కాదు. నువ్వలా చెయ్యకు. పొద్దున్నే లేచి నీ పక్క నువ్వే సర్దుకో. గది నువ్వే ఊడ్చుకో. దుప్పటి కూడా నువ్వే ఉతుక్కుని ఆరేసుకో. ఆవిడొస్తే "అంతా అయిపోయిందండీ" అని చెప్పు. పాపం, ఆ కాసేపు ఎక్కడైనా కూర్చుంటుంది. నాకు అలాంటి గిరాకీ ఏడాదికొక్కరు తగిలినా చాలు, వాళ్ళ ఫొటో కట్టించి ఈ మెట్ల కింద పెట్టుకుంటాను. మా లాడ్జిలో గది శుభ్రంగా ఉందా లేదా, అంతే. ఎవరు చేశారని అడిగేవాడే లేడు.

చెప్పులు మాత్రం జతగా విడువు. ఆ సంగతి చదివి సిగ్గేసింది. నేను నేర్పలేదా నీకు?

అక్క


జూన్ 20
హోటల్, మూడో అంతస్తు

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఇప్పుడు నా గదికి పనిమనిషినీ నేనే, మేడమునీ నేనే.

పొద్దున్నే పక్క సర్దుతాను, నువ్వు లాగినట్టు అంచులు పరుపు కిందికి గట్టిగా లాగి. చీపురు లేదు కాబట్టి తడిగుడ్డతో నేల తుడుస్తాను. దుప్పటీ తలగడ గలేబూ స్నానాల గదిలో ఉతికి బాల్కనీ కమ్మీ మీద ఆరేస్తాను. ఆరేస్తాను అన్నానే కానీ ఆరదు. ఇక్కడ ఏదీ ఆరదక్కా. తడి, తేమ, చెమ్మ అని మా చీటీల్లో మూడు మాటలున్నాయి. ఇన్నాళ్ళూ మూడూ ఒకటే అనుకున్నాను. కాదు. తడి అంటే నేను ఉతికినప్పుడు ఉండేది. తేమ అంటే గాలిలో ఉండేది. చెమ్మ అంటే మూడు రోజుల తర్వాత కూడా దుప్పట్లో దాక్కుని, పడుకోగానే వీపుకి తగిలేది. పెద్దాయనకి చెప్తే చాలాసేపు నవ్వి, "రాసిపెట్టు" అన్నారు. ఆ రోజంతా నేల మీద నడవలేదు.

తాళాలావిడ మొదటి రోజు తలుపు తీసి చూసి ఆగిపోయింది. "అయ్యో, మీరెందుకు చేశారు మేడం?" అంది. "నాకలవాటేనండీ, మీరు కాసేపు కూర్చోండి" అన్నాను. ఆవిడ నవ్వింది. ఎంత హాయిగా అనిపించిందో! నువ్వు ఫొటో కట్టించే గిరాకీని నేనే అనుకున్నాను.

మర్నాడు మళ్ళీ వచ్చి "దుప్పటి ఇవ్వండి మేడం, మారుస్తాను" అంది. "శుభ్రంగానే ఉంది, నేనే ఉతికాను" అన్నాను. రెండ్రోజులాగి మళ్ళీ. "మాసిన దుప్పటి ఏదైనా ఉంటే ఇవ్వండి మేడం. కిందికి పంపాలి." ఎంత మొహమాటమో చూడు! నేను నవ్వి "వద్దని నేనే చెప్పానని చెప్పండి" అన్నాను. ఆవిడా నవ్వింది. రోజూ అడిగించుకోవడం ఎందుకని తలుపుకి 'లోపలికి రావద్దు' అట్ట తగిలించి ఆఫీసుకి వెళ్తున్నాను. దాంతో ఆవిడకి నా గది దాకా రావలసిన పని కూడా తప్పింది.

కళ్ళజోడు గది చూడాలి నువ్వు. మంచం మీద పుస్తకాలు, పుస్తకాల మీద గిన్నెలు, గిన్నెల మీద బట్టలు. ఆవిడ పాపం అన్నీ తీసి సర్దుతుంది. నిన్న కళ్ళజోడు మీ అక్కేం చేస్తుందని అడిగింది. హోటల్లో అని చెప్పాను.

అమ్మకి చెప్పు, వేళకి తింటున్నాను.

పిచ్చుక


జూన్ 28
లాడ్జి, మెట్ల కింద

పిచ్చుకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దుప్పటి ఉతుకుతున్నావని చదివినప్పుడల్లా ఏదోలా అయింది నాకు. మంచిగానే. ఇస్త్రీ ఆమెకి కూడా చదివి వినిపించాను. "మీ చెల్లి బంగారం" అంది. "బంగారం కాదు, ఇత్తడి, తోమితే మెరుస్తుంది" అన్నాను కానీ లోపల పొంగిపోయాను.

మాకు ఇక్కడ వానలు పట్టుకున్నాయి. పై గదిలో నీళ్ళు కారి పరుపు తడిసింది. ఓనరు వచ్చి నన్ను తిట్టాడు, కప్పు మీద చిల్లు నేనే పెట్టినట్టు. నువ్వు రాసిన మూడు మాటల్లో ఆ పరుపుది ఏ మాటో చెప్పు, అతనికి అప్పజెప్తాను.

హోటల్లో అన్నావు, బాగుంది. ఆ కళ్ళజోడు పిల్ల ఏం పని అని అడగలేదా? అడిగే ఉంటుందిలే. ప్రొఫెసరు గారి పిల్లలకి ఏదీ సగం వినడం చేతకాదు.

ఒక్క మాట. ఆవిడ దుప్పటి మళ్ళీ మళ్ళీ అడుగుతోందంటే నాకు కొంచెం అర్థం కాలేదు. మొహమాటానికి ఎవరైనా ఒకసారి అడుగుతారు. అన్నిసార్లు అడగరు. పెద్ద ఊళ్ళో మర్యాదలు వేరేమోలే.

అక్క


జూలై 6
హోటల్

అక్కా,

ఈ వారం రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వానలు. ఆఫీసులో 'స' అక్షరం మొదలైంది.

తాళాలావిడని పని మాన్పించారు.

మొన్న పొద్దున నేనూ కళ్ళజోడూ ఆఫీసుకి బయల్దేరుతుంటే సూపర్‌వైజరు అంతస్తు తనిఖీకి వచ్చాడు. కింద చాకిరేవు వాళ్ళకి ఏ గది నుంచి ఎన్ని మాసిన దుప్పట్లు దిగాయో లెక్క ఉంటుందట. నా గది నుంచి వారాల తరబడి ఒక్కటీ దిగలేదట. మాసిన దుప్పటి దిగకపోతే ఆ గది చెయ్యనట్టేనట ఇక్కడ. గది ఎంత శుభ్రంగా ఉన్నా సరే. నాకేం తెలుసు?

అతను నా గది తలుపు తీసి, మంచం మీది దుప్పటి ఎత్తి చూశాడు. నేను నీకు రాయలేదు కానీ, బాల్కనీ కమ్మీ తుప్పు దుప్పటికి అంటుకుని పొడుగ్గా ఒక చార పడింది. ఎంత రుద్దినా పోలేదు. ఆ వైపు కిందికి తిప్పి పరిచాను. అంచుల్లో నల్లగా బూజు చుక్కలు కూడా వచ్చాయి. అతను వాసన చూసి మొహం చిట్లించాడు. తాళాలావిడ బండి పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. "దీన్ని మార్చి ఎన్నాళ్ళయింది? గదులు ఎగ్గొట్టి ఎక్కడ కూర్చుంటున్నావు?" అన్నాడు. ఆవిడ "మేడం వద్దన్నారు సార్" అంది. "గిరాకీ మీద నెట్టకు" అన్నాడు. తాళాలు తీసేసుకున్నాడు. హోటల్ యజమాని ఊళ్ళో లేడట. నెలాఖరుకి వచ్చి ఆవిణ్ణి ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తాడట. అప్పటిదాకా రావద్దన్నారు.

మాకు ఆలస్యమైంది. వెళ్ళిపోయాం.

ఇప్పుడు ఇంకో అమ్మాయి వస్తోంది. పాటలు పాడుకుంటూ సర్దుతుంది. నేను మాసిన దుప్పటి గుమ్మం దగ్గరే పెడుతున్నాను.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

పిచ్చుక


జూలై 11
లాడ్జి

పిచ్చుకా,

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

ఆవిడ "మేడం వద్దన్నారు" అంది. ఆయన "గిరాకీ మీద నెట్టకు" అన్నాడు. గిరాకీ అక్కడే నిలబడి ఉంది కదా? ఆ గిరాకీ ఏమందో నీ ఉత్తరంలో లేదు. పేజీ ఏమైనా జారిపోయిందేమోనని కవరు దులిపి చూశాను.

ఏమన్నావే?

అక్క


జూలై 16
హోటల్

అక్కా,

పేజీ జారిపోలేదు.

సూపర్‌వైజరు నావైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు. "మీరే చెప్పండి మేడం. ఈవిడ వచ్చి దుప్పటి మారుస్తానంటే మీరు వద్దన్నారా?" తాళాలావిడ నా మొహంలోకి చూసింది. అప్పటికి ఆవిడ భయపడలేదక్కా. నేను చెప్తాననే అనుకుంది. కొంచెం తేలిగ్గా ఊపిరి కూడా తీసుకుంది.

నేను "ఏమోనండీ, నేను పగలంతా ఆఫీసులో ఉంటాను" అన్నాను.

ఆ వాక్యం నీకు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. మళ్ళీ చదివితే అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పగలంతా ఆఫీసులోనే ఉంటాను. విడివిడిగా అన్నీ నిజాలే. కలిపితే ఒక మనిషి పని తీసేసేంత అబద్ధం. రోజంతా మాటలతో ఉంటూ, మాటలంటే ప్రాణమని అందరికీ చెప్పుకుంటూ, వాటితో నేను చేసిన మొదటి పెద్ద పని ఇది.

ఎందుకన్నానో కూడా రాస్తాను. కళ్ళజోడు పక్కనే ఉంది. "నేనే వద్దన్నాను, దుప్పటి నేనే ఉతుక్కున్నాను" అంటే ఎందుకని అడుగుతారు. హోటల్‌కొచ్చి ఎవరైనా దుప్పట్లు ఉతుక్కుంటారా? అప్పుడు మా అక్క చెప్పిందనాలి. అక్కకెలా తెలుసంటే, మా అక్క గదులు సర్దుతుందనాలి. కానీ జూన్‌లో కళ్ళజోడు "హోటల్లో ఏం పని?" అని అడిగింది. నువ్వు ఊహించినట్టే అడిగింది. నేను మేనేజరు అని చెప్పాను. పెద్దాయన ముందు కూడా తను "వీళ్ళ అక్క హోటల్ మేనేజరు సార్" అంటే, నేను కాదనలేదు.

నీకు రాసేటప్పుడు హోటల్లో అని ఆపేశాను.

ఆఫీసులో ఇప్పుడు 'స' నడుస్తోందని రాశాను కదా. సిగ్గు చీటీ నా బల్ల మీదికే వచ్చింది. దాంతో పాటు చూడమని బిడియం, నామోషీ, తలవంపులు, అన్నీ ఇచ్చారు. నాలుగింటికీ తేడా రాయాలి. బిడియం నాకు ఎప్పుడూ ఉంది, దాంతో ఎవరికీ నష్టం లేదు. నామోషీ నిన్ను చూసి పడ్డాను. తలవంపులు నావల్ల నీకు. ఇక సిగ్గు. దాని అర్థం రాయలేక చీటీ పక్కన పెట్టాను. ఆకలి లేదని భోజనాల వేళ బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. గుమ్మం దగ్గర కొత్తమ్మాయి పాట వినపడితే స్నానాల గదిలోకి వెళ్ళి, తను పోయేదాకా కుళాయి తిప్పి ఉంచుతాను.

నన్ను తిట్టు. జోకులు మాత్రం వెయ్యకు.

పిచ్చుక


జూలై 21
లాడ్జి, మెట్ల కింద

పిచ్చుకా,

జోకు వెయ్యొద్దన్నావు కానీ ఒక్కటి వేస్తాను. లేకపోతే మిగతాది రాయలేను. చేసేదానివి మేనేజర్నే ఎందుకు చేశావు? లాడ్జి ఓనర్నే చెయ్యాల్సింది. మేనేజరు గాడు మధ్యాహ్నమంతా నోరు తెరుచుకుని నిద్రపోతాడు, ఈగలు లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి. నాకు ఆ ఉద్యోగం వద్దు.

అయిపోయింది జోకు.

నొప్పి కలగలేదని రాయను. ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళి రెండో అంతస్తంతా సర్ది వచ్చాను. మళ్ళీ చదివాను. ఈసారీ అలాగే ఉంది. అమ్మ ఉత్తరమొచ్చిందా అంటే రాలేదన్నాను. ఇస్త్రీ ఆమె "మీ బంగారం ఏం రాసింది?" అంటే తలనొప్పిగా ఉందన్నాను. చూశావా, అబద్ధాలు మన ఇంట్లో నీ ఒక్కదానికే రావు.

నిన్ను తిట్టమన్నావు. తిట్టడానికి కూర్చుంటే నా సంగతే ముందుకొస్తోంది. ఆ సలహా నాదేగా. నీకెందుకిచ్చానో ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిడ కోసం కాదు. చదువుకున్న పిల్ల ఒకతి ఒంగి దుప్పటి ఉతుకుతుంటే నా పని నాకోసం ఎవరో చేస్తున్నట్టు అనిపించింది. అందుకే నాలుగుసార్లు చదువుకున్నాను. అక్కడ ఇంకో మనిషి ఉంది, ఆవిడకి ఏం కావాలో ఆవిణ్ణే అడుగు అని రాయాలని తోచలేదు. దుప్పటి ఇవ్వమని ఆవిడ అన్నిసార్లు నోరు విడిచి అడుగుతుంటే, పెద్ద ఊరి మర్యాదేమోలే అని రాశాను. ఇన్నేళ్ళు ఇదే పనిలో ఉండి. ఆ ఉత్తరం గుర్తొస్తే నాకు నా మొహం చూసుకోబుద్ధి కావడం లేదు.

నేనే బయల్దేరి వచ్చి ఆ యజమానితో మాట్లాడదామనుకున్నాను. సెలవు కూడా అడిగాను, మా ఓనరు ఇస్తానన్నాడు. కానీ రాను. నేనొస్తే నువ్వు నా వెనక నిలబడతావు. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు.

నెలాఖరుకి ఆయన వస్తాడన్నావు. ఆలోపు ఆవిణ్ణి వెతుకు. మా అక్క ఇలా అందని చెప్పకు. నన్ను ముందు పెట్టుకోకు.

తిను.

అక్క


జూలై 28
హోటల్, మూడో అంతస్తు

అక్కా,

ముందు కళ్ళజోడుకి చెప్పాను. మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద. మా అక్క మేనేజరు కాదు, లాడ్జిలో గదులు సర్దుతుంది అన్నాను. ఇన్నాళ్ళూ ఏ క్షణానికి భయపడి చచ్చానో ఆ క్షణం అది. తను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "సరే, అయితే?" అంది. అంతే. ఆ సంగతి అక్కడితో సరి. కానీ తాళాలావిడ సంగతి చెప్పగానే మొహం మారిపోయింది.

"అంటే ఆ రోజు నీకు తెలిసే అలా అన్నావా?"

"తెలిసే."

"నేను ఆవిడ గదులు ఎగ్గొట్టిందనే నమ్మాను. మా ఇంటికి ఫోన్ చేసి మా అమ్మతో కూడా అన్నాను, ఇక్కడ పనివాళ్ళు మోసం చేస్తారని. నాచేత కూడా అనిపించావు కదా!"

అప్పటి నుంచి తను టీకి నన్ను పిలవడం లేదు. పిలవమని నేనూ అడగలేదు.

తాళాలావిడ ఎక్కడుంటుందో పాటల అమ్మాయి చెప్పింది. బస్సులు ఆగే చోట వాళ్ళ ఆడపడుచు పండ్ల బండి ఉందట, అక్కడ సాయంగా నిలబడుతోందట. నిన్న ఆదివారం వెళ్ళాను. ఆవిడ బండి మీది పట్టా విదిలించి నీళ్ళు దులుపుతోంది. నడుముకి తాళాలు లేకపోతే మొదట గుర్తుపట్టలేదు. నన్ను చూసి అలవాటుగా "నమస్తే మేడం" అంది. అన్నాక తనే విసుక్కుంది.

నేను మొదలుపెట్టాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ అప్పజెప్పాను. తప్పు నాదని, క్షమించమని, నిద్ర పట్టడం లేదని. ఆవిడ పండ్లు తుడుస్తూ విని, "నాకెందుకు చెప్తున్నావు?" అంది. నువ్వు అంది. మేడం పోయింది.

"నేను రోజూ వచ్చానని నాకు తెలుసు. నువ్వు వద్దన్నావని నాకు తెలుసు. తెలియనివాడికి చెప్పాలి గానీ, తెలిసినదానికి వచ్చి చెప్తే ఏం లాభం?"

"మీరు ఒక్కసారి గట్టిగా చెప్పి ఉంటే నేను..."

"గట్టిగానా? గిరాకీతో గట్టిగా మాట్లాడితే అదో కంప్లయింటు. నువ్వు నవ్వావు, నేనూ నవ్వాను. నవ్వి కిందికి పోయి ఆ చాకిరేవువాడితో రోజూ మాటలు పడ్డాను. తలుపుకి అట్ట కూడా తగిలించావు కదా. ఎందుకు తగిలించావసలు? లోపల ఏం దాచావోనని భయపడి చచ్చాను."

"మీకు పని తగ్గుతుందని."

ఆవిడ తుడుస్తున్న పండు బండి మీద పెట్టేసింది. బండి అవతల నుంచి వాళ్ళ ఆడపడుచు ఫక్కున నవ్వింది. "పని తగ్గించిందే వదినా! మొత్తానికే తగ్గించింది!" ఆవిడ నవ్వలేదు. నేను అక్కడే నిలబడ్డాను. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు కూడా చూస్తున్నారు. భూమి చీలితే బాగుండునని పుస్తకాల్లో రాస్తారు. చీలదు. వాన పడుతుంది, బస్సులు వస్తాయి, నువ్వు అక్కడే నిలబడి ఉంటావు.

చివరికి నేనే అడిగాను. "నేను ఏం చెయ్యాలో మీరే చెప్పండి." జూన్‌లో అడగాల్సిన మాట.

ఆవిడ చేతులు తుడుచుకుంది. యజమాని ఆ రాత్రికే ఊళ్ళోకి వస్తాడని, మంగళవారం పొద్దున హోటల్‌కి వస్తాడని ఆవిడకి ముందే తెలుసు. మూడు వారాలుగా ఆవిడ లెక్కపెడుతున్నది అదే.

"నా ముందు చెప్పాలి. ఆ సూపర్‌వైజరు కూడా ఉండాలి. నువ్వు ఒక్కదానివే పోయి చెప్పొచ్చానంటే నేను నమ్మను. ఒకసారి చూశాగా నువ్వు ఎలా చెప్తావో."

"అలాగే."

"వెనక గేటు నుంచి నన్ను రానివ్వరు, వాచ్‌మన్‌కి చెప్పేశారు. ముందు నుంచి నువ్వే తీసుకెళ్ళాలి. గిరాకీ వెంట వస్తే ఆపరు." తర్వాత, "ఏం చెప్తావో ఒకసారి చెప్పు, వింటాను" అంది.

చెప్పాను. నాకు మాటలంటే ఇష్టం కదా, చాలానే చెప్పాను. సగంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "అంత పొడుగైతే ఆయన మధ్యలో ఫోనెత్తుతాడు. నీ నిద్ర సంగతి ఆయనకెందుకు? ఆవిడ మళ్ళీ మళ్ళీ దుప్పటి అడిగింది, నేనే ఇవ్వలేదు, ఆ రోజు అడిగితే అబద్ధం చెప్పాను. అంతే చెప్పు. ఇంకేమైనా అడిగితే అప్పుడు చెప్పుకుందువు గాని."

మూడుసార్లు చెప్పించింది. మూడోసారికి ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. బాగుందనలేదు. "సరే" అని ఎవరో పండ్ల ధర అడిగితే అటు తిరిగింది.

అక్కా, నాకు సిగ్గు పోలేదు. రేపటితో పోతుందని కూడా అనుకోవడం లేదు. ఆవిణ్ణి తిరిగి తీసుకుంటారో లేదో కూడా తెలియదు. వెళ్ళిపోయే గిరాకీ మాటకి విలువెంతని ఆయన అనొచ్చు. ఆఫీసు వాళ్ళకి చెప్పి నన్ను ఈ వారమే పంపించెయ్యొచ్చు. "దుప్పటి నువ్వెందుకు ఉతుక్కున్నావు?" అని అడిగితే, మా అక్క గదులు సర్దుతుంది, నేను ఆవిడ పెంచిన దాన్ని అంటాను. నిన్ను ముందు పెట్టుకోవద్దన్నావు. ముందు పెట్టుకోను. అడిగితే మాత్రం దాచను.

రేపు మంగళవారం. ఆయన ఎనిమిదింటికి వస్తాడట. ఆవిడ ఏడున్నరకి పండ్ల బండి దగ్గర ఉంటానంది. నేను ఏడింటికే వెళ్ళి నిలబడతాను. ఆవిడ వచ్చి నా కోసం చూడకూడదు.

పిచ్చుక